అయిదు ఖాళీ గదులు

ఫిబ్రవరి 3, సోమవారం

అన్నయ్య ఇవాళ మాటలు మింగుతున్నాడట.

వదిన ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కళ్ళద్దాలు తుడవమని అడగబోయి మధ్యలో ఆగిపోయాడట. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడట. మిషన్‌కి జలుబు చేసిందేమో వచ్చి చూడు అంది నవ్వుతూ. ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నాను. మా వృత్తిలో అంతకు మించిన మందు ఎవరి దగ్గరా లేదు.

చేసిందట. తేడా లేదట. సాయంత్రం వస్తానన్నాను.

అదే రోజు, రాత్రి 7.30

కుర్చీలో కూర్చోకముందే తెలిసిపోయింది.

అన్నయ్యది నరాల జబ్బు. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత గొంతు. ఇప్పుడు చెప్పినమాట వినేది కుడి కనుబొమ్మ ఒక్కటే. దాని మీద చిన్న సెన్సర్ అతికించి ఉంటుంది. మంచం ముందున్న టాబ్లెట్ తెర మీద వాక్యాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు కనుబొమ్మ ఎత్తుతాడు. టాబ్లెట్ ఆ వాక్యాన్ని అన్నయ్య గొంతుతోనే చదువుతుంది. గొంతు పోకముందు నమూనా రికార్డ్ చేసి పెట్టుకున్నాడు, ఇప్పుడు ఏం టైప్ చేసినా ఆ గొంతే పలుకుతుంది. వాక్యాలు కూడా అంతే, వేళ్ళు ఆడుతున్నప్పుడు నెలల తరబడి కూర్చుని టైప్ చేసుకున్నాడు. నీళ్ళు కావాలి దగ్గర్నుంచి టీవీలో ఆ మనిషి నోరు మూయించండి దాకా. ఆ ఫైలే అన్నయ్య నోరు.

ఫైల్ తెరిచాను. మాటల మధ్యలో నల్లటి డైమండ్ గుర్తులు. క◆◆ద్దాలు తుడవండి. మాత్రల వే◆ అయింది. పైనుంచి కిందిదాకా, ఎక్కడ చూసినా అవే. గొంతు అక్కడికి రాగానే ఆగిపోతోంది.

నిన్న ఆదివారం టాబ్లెట్‌లో మా ఆఫీసువాళ్ళ టైపింగ్ సాఫ్ట్‌వేర్, అదే మా ఎడిటర్, కొత్త వెర్షన్ వేసింది నేనే. స్పీడ్‌గా ఉంటుందని.

వదినకి చెప్పలేదు. ఏదో సెట్టింగ్ మారినట్టుంది, చూస్తానని చెప్పి బయటపడ్డాను. మేడ మీద నా గదికి వచ్చేశాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

పనిలో ఏమీ చేతకావడం లేదు. ఎవరికో పాఠం చెబుతున్నట్టు ఇక్కడ రాసుకుంటే బుర్ర కుదుటపడుతుందేమో.

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు. నంబర్లే తెలుసు. ఏ నంబరంటే ఏ అక్షరమో మనుషులు ముందే ఒప్పందం చేసుకోవాలి. దాన్నే ఎన్‌కోడింగ్ అంటాం. పాత ఒప్పందంలో గదులు, అంటే అక్షరాలకి ఇచ్చే నంబర్లు, చాలా తక్కువ. అన్నయ్య కాలేజీలో ఉండగా మన అక్షరాలకి తనే ఒక ఫాంట్ తయారుచేశాడు. ఉన్న గదుల్లో ఎంత సర్దినా అయిదు అక్షరాలు బయటే నిలబడ్డాయి. ఒప్పందంలో ఎవరికీ ఇవ్వకుండా వదిలేసిన గదులు సరిగ్గా అయిదున్నాయి. అక్షరాల్ని అందులో దింపేశాడు. అడిగేవాడు లేడు.

తర్వాత మా ఆఫీసు ఎడిటర్‌కి మొదటి వెర్షన్ రాసిందీ అన్నయ్యే. చేతులు సహకరించక మానేశాడు. అదే కుర్చీలోకి చెల్లెల్ని నేను వచ్చాను. ఈలోగా లోకమంతా కొత్త ఎన్‌కోడింగ్‌కి మారిపోయింది, అందులో గదులకి కరువు లేదు. నువ్వూ మారరాదా అని అన్నయ్యని పోరాను. వేళ్ళు ఇంకెన్నాళ్ళు కదులుతాయో తెలియనివాడికి కొత్త కీబోర్డు నేర్చుకునే తీరిక ఎక్కడిది? పాత ఫాంట్‌లోనే, పాత అలవాటులోనే టైప్ చేసుకుపోయాడు.

పోయిన నెల నేను ఫైళ్ళు తెరిచే కోడ్ శుభ్రం చేశాను. అందులో ఒక చిన్న ముక్క ఉంది. ఆ అయిదు నంబర్లు కనిపిస్తే ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యి అని. దాని మీద, తర్వాత కోడ్ చదివేవాళ్ళ కోసం అన్నయ్య పెట్టిన కామెంట్ ఒక్కటే మాట: ముట్టుకోవద్దు.

ఎందుకో రాయలేదు. ఆ ఒప్పందం రాసి ఉన్న స్టాండర్డ్ తిరగేశాను. ఆ గదులు ఖాళీ అనే ఉంది. మేడమీద నుంచి కిందికి రెండు మెట్లు దిగితే అన్నయ్య గది. అడగలేదు. ఖాళీ గదికి కాపలా దేనికని తీసేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అవవా మరి? టెస్టు ఫైళ్ళన్నీ మేం మా కొత్త ఎడిటర్‌తో చేసుకున్నవే. మా వంట మేమే తిని బాగుందనుకున్నాం.

తెలియని నంబరు ఎదురైతే కొత్త కోడ్ డైమండ్ పెడుతుంది. అయిదింటికీ ఒకటే డైమండ్. తెర మీద కనిపించి ఊరుకుంటే బాధ లేదు. కానీ టాబ్లెట్ ఏ వాక్యం పలికినా దాన్ని పైవరసకి జరిపి, ఫైల్ మొత్తం మళ్ళీ సేవ్ చేస్తుంది. సేవ్ అయ్యాక డైమండ్ వెనక ఏ అక్షరం ఉండేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. వెనక ఏమీ లేదు. డైమండే ఉంది.

ఆదివారం నేను మేడెక్కాక అన్నయ్య ఫ్యాన్ వేయమన్నాడు. అంతే, అయిపోయింది.

ఫిబ్రవరి 5, బుధవారం, మధ్యాహ్నం

బ్యాకప్ ఉంది. టాబ్లెట్ రోజుకోసారి ఫైల్‌ని ఇంకోచోట కాపీ చేస్తుంది. ఇంత చిన్న విషయం నాకు రెండు రోజులు తట్టలేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉంది.

అదే రోజు, సాయంత్రం

బ్యాకప్‌లోనూ డైమండ్లే. పాతదాని మీదే కొత్తది రాస్తోంది.

ఫిబ్రవరి 6, గురువారం

అన్నయ్య టైప్ చేసిన పాత లాప్‌టాప్ అటక మీద దొరికింది. ప్లగ్ పెడితే లోపల టిక్కు టిక్కుమని శబ్దం తప్ప ఇంకేమీ లేదు. సెలవు పెట్టి రిపేర్ షాపుకి తీసుకెళ్ళాను. అతను చెవి ఆనించి నాడి చూసినట్టు విని, ఈ డిస్క్ ఎప్పుడో పోయిందండీ అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. మొహమాటానికి ఇంకోసారి విన్నాడు.

వదిన లాప్‌టాప్ ఎందుకు దించావని అడిగింది. చెప్పేశాను. మొత్తం.

ఆరిన టవళ్ళు మడతపెడుతూ విన్నది. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అంతా అయ్యాక, నువ్వు ముట్టుకోకుండా ఉంటే ఏమయ్యేది అని అడిగింది. ఏమీ అయ్యేది కాదన్నాను. టవళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళింది.

అరిచి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇంటి గొడవ ఇంటితో పోలేదు. కొత్త వెర్షన్‌ని ట్రయల్‌కి తీసుకున్న వాళ్ళలో ఒక నాటకాల మాస్టారు ఉన్నారు. అన్నయ్య ఫాంట్ ఎలా చేరిందో ఆయన దాకా చేరింది, జీవితమంతా అందులోనే నాటకాలు రాసుకున్నారు. కొత్త ఎడిటర్ చక్కగా ఉందని ముచ్చటపడి ఒక్కో నాటకం తెరిచి, ఒక్కో కామా దిద్ది, అన్నీ సేవ్ చేసుకున్నారు. ఇప్పుడు మెయిల్ పెట్టారు. తిట్టలేదు. ఈ నల్ల గుర్తులు పోవడానికి ఏ మీట నొక్కాలో దయచేసి చెప్పమన్నారు. కింద ఇంకో ముక్క: ఈ ఫాంట్ చేసిన బాబు ఎవరో గానీ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఏ మీటా లేదని ఆయనకి ఎలా రాయను?

మా టీమ్ లీడర్ దగ్గరికి పోయాను. ఆయన్ని అందరం గడియారం అంటాం, ఏ గదిలోకి వచ్చినా ముందు గోడవైపు చూస్తాడు. వెర్షన్ అందరికీ వెళ్ళేది ఇరవై ఒకటిన. ఆపమన్నాను. ఆ ఫాంట్ వాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు, వాళ్ళ కోసం అందరినీ ఆపుతామా అన్నాడు. పోనీ తీసేసిన ముక్కని తిరిగి పెడతానన్నాను. పెట్టు, కానీ ఎందుకో రాసి పెట్టు అన్నాడు. కారణం లేని కోడ్ ఇంక లోపలికి రానివ్వడట. కారణం రాయకపోబట్టే కదా ఇంత దూరం వచ్చిందని కూడా అన్నాడు. అది మాత్రం నిజం.

ఫిబ్రవరి 8, శనివారం

అన్నయ్యకి చెప్పాను.

తనకి ముందే తెలుసు. ఆ డైమండ్ ఏమిటో తెలియని మనిషా? మంచం పక్కన స్టూలు వేసుకుని, ఏం తీసేశానో, ఎప్పుడు తీసేశానో చెప్పాను. చెప్పడం అయిపోయాక తెర వైపు చూస్తూ కూర్చున్నాను. వాక్యాలు వెలుగుతూ పోతున్నాయి. పోనీలే అన్నది వెలిగింది. అందులో ఒక్క డైమండూ లేదు. కనుబొమ్మ లేవలేదు. తలనొప్పిగా ఉంది వెలిగింది. లేవలేదు. మనసులో దండం పెట్టుకుంటూ ఇంకో చుట్టు చూశాను. పోనీలే మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది.

లైటు ఆపండి దగ్గర ఎత్తాడు.

ఆపి వచ్చేశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వదిన నాతో మాట్లాడలేదు. అన్నయ్య మాట్లాడలేడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, అదీ నా చేతిపనే.

ఫిబ్రవరి 11, మంగళవారం

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. పట్టుకోక ఏం చెయ్యను?

చిన్న ప్రోగ్రామ్ రాశాను. డైమండ్ ఉన్న ప్రతి మాటలో ఆ అయిదు అక్షరాల్నీ వంతులవారీగా పెట్టి చూస్తుంది. నిఘంటువులో ఉన్న మాట వస్తే అదే ఖాయం చేస్తుంది. కళ్ళద్దాలు తిరిగొచ్చాయి. వేళ తిరిగొచ్చింది. సగానికి పైగా ఫైల్ బాగైంది. ఉదయం అన్నయ్య కళ్ళద్దాలు తుడవమన్నాడట, తడబడకుండా. వదిన ఆ మాట నాకు చెప్పలేదు, గుమ్మం దగ్గర నిలబడి గోడకి చెప్పింది.

మిగిలినవే అసలు చిక్కు. అన్నయ్య ఏనాడు నిఘంటువు ప్రకారం మాట్లాడాడు గనక. ఫిజియో అతనికి ఒక పేరు, పక్కింటి కుక్కకి ఒక పేరు, జావకి ఒక పేరు. తిట్లన్నీ సొంత తయారీ. నాకు పెట్టిన పేరు కోతి. చిన్నప్పుడు తన రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయినందుకు వచ్చిన బిరుదు అది. కోతి తప్ప మిగతావి ఏ పుస్తకంలోనూ దొరకవు. ఆ మాటల్లోని డైమండ్లు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు ఫైల్ చదివితే ఎవరో మర్యాదస్తుడు రాసుకున్నట్టుంది. మా అన్నయ్యలా లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

వదిన నోరు తెరిచింది. తిట్టింది. హమ్మయ్య అనిపించింది.

ఆయన నోట మాట పోయినప్పుడు కూడా నేను ఇంత ఏడవలేదు అంది. ఇది ఉంది కదా అనుకున్నానంది. రోజూ నిద్ర లేవగానే నన్ను పలకరించే వాక్యం ఒకటుంది, అది ఇవాళ్టికీ సగమే వస్తోంది, దాన్ని వినలేక పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటున్నానంది. నీకు శుభ్రం కావాల్సి వచ్చిందా, కోతిపుండు బ్రహ్మరాక్షసి అని ఊరికే అన్నారా అంది.

ఆ వాక్యం ఏమిటో చెప్పు వదినా, ఇప్పుడే సరిచేస్తానన్నాను. లేచి తలుపు వేసి వచ్చింది. తర్వాత చెప్పింది. అందులో ఉన్న ముద్దుపేరు వాళ్ళిద్దరిదీ, ఇక్కడ రాయను. టైప్ చేసి, ప్లే చేసి వినిపించాను. కొంగుతో మొహం తుడుచుకుని, తర్వాతది చూపించు అంది.

వదినకి ఇన్ని కంఠతా ఉన్నాయని నాకు తెలియదు. అన్నయ్య ఎప్పుడో ఒకసారి వాడిన ప్రతి వాక్యమూ ఆమెకి గుర్తే. తిట్లు చెప్పేటప్పుడు అన్నయ్య లాగే కళ్ళు చికిలించి చెప్పింది. ఒకచోట ఇద్దరం నవ్వేశాం, వెంటనే ఆపుకున్నాం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వదినకి తెలిసినవి అయిపోయాయి.

మిగిలినవి అన్నయ్య ఇంతవరకు ఎవరితోనూ అననివి. ముందు ముందు పనికొస్తాయని రాసి దాచుకున్నాడు. ఫైల్ చివర రెండు భాగాలున్నాయి. ఒకదాని పేరు తర్వాతకి. రెండోదాని పేరు కోతికి. వీటిని విన్నవాళ్ళు లేరు. అన్నయ్య ఒక్కడే చెప్పాలి.

రేపట్నుంచి కూర్చుంటాను. తర్వాతకి అన్న భాగం ముందు. నాది చివర. తప్పు చేసినవాళ్ళు క్యూలో చివర్నే నిలబడాలి.

ఫిబ్రవరి 15, శనివారం

పద్ధతి ఇదీ. వాక్యం తెర మీద పెడతాను. డైమండ్ ఉన్నచోట అయిదు అక్షరాలూ ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. సరైనది రాగానే అన్నయ్య కనుబొమ్మ ఎత్తాలి. ఒక్కో వాక్యంలో మూడో నాలుగో ఉంటాయి. పది వాక్యాలు అయ్యేసరికి నుదుటి మీద చెమట. వదిన తుడిచి చాలంది. ఇంకొక్కటి అన్నాను. నా ఆశకి అంతు లేదు.

ఫిజియో వచ్చి కనుబొమ్మ దగ్గర వేలు పెట్టి చూశాడు. వరండాలోకి పిలిచి, పోయిన వారం ఉన్న బలం లేదన్నాడు. ఎంతకాలం అంటే చెప్పలేను, ఏ పనికి వాడాలో చూసి వాడుకోండి అన్నాడు. కనురెప్పలు ఇప్పటికే బరువెక్కాయి, కంటిచూపుతో నడిచే కెమెరా వాటిని పట్టుకోలేకపోతోంది. కనుబొమ్మ తర్వాత ఏముంది అని అడిగాను. చెప్పులు వేసుకున్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాక్యాలు బాగుచేయాలంటే కనుబొమ్మ కావాలి. బాగుచేసేసరికి కనుబొమ్మ అరిగిపోతుంది. అప్పుడు ఆ వాక్యాల్ని ఎవరు పలికిస్తారు?

ఫిబ్రవరి 16, ఆదివారం

కొన్నే చేశాం. మధ్యలో విశ్రాంతిగా ఉంటుందని నాటకాల మాస్టారి మెయిల్ చదివి వినిపించాను. ఆ బాబు చల్లగా ఉండాలి అన్నచోట అన్నయ్య కళ్ళు నా వైపు తిరిగాయి. వారం తర్వాత మొదటిసారి.

ఎందుకు చదివానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఫిబ్రవరి 17, సోమవారం

అన్నయ్య మొరాయించాడు. వాక్యం పెడితే ఏ అక్షరానికీ ఎత్తడం లేదు. కనుబొమ్మ పోయిందేమో అనుకున్నాను. నీళ్ళు కావాలా అంటే ఎత్తాడు. అంటే పోలేదు, ఒద్దంటున్నాడు.

అక్షరాల పలక తెర మీద పెట్టాను. ఒక్కో అక్షరమే వెతుక్కోవాలి కాబట్టి అది వాడటం నరకం. కోడ్ అని రాశాడు.

లాప్‌టాప్ తెచ్చి ఫైళ్ళు తెరిచే కోడ్ చూపించాను. నేను తీసేసి, మళ్ళీ పెట్టబోతున్న ముక్క దగ్గర ఆపాను. దాని మీద ముట్టుకోవద్దు అన్న మాట అలాగే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. పలక మీద ఇంకో మాట రాశాడు. తప్పు.

ఎవరిది తప్పు అని అడిగాను. నాది అని రాశాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ మాటకి కనుబొమ్మ ఎన్నిసార్లు ఎత్తాడో చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

కామెంట్ తనే రాస్తాడట.

రెండు నిమిషాల పని, నేను రాస్తాను అన్నాను. ఒప్పుకోలేదు. ఏ గదిలో ఏ అక్షరం ఉందో నాకూ తెలుసు, గడియారానికి ఎలా రాస్తే నచ్చుతుందో కూడా తెలుసు, నువ్వు కనుబొమ్మ దాచుకో అన్నాను. ఒప్పుకోలేదు. అప్పుడు అరిచాను. మంచం మీద కదలలేని మనిషి మీద గొంతు చించుకుని అరిచాను. తర్వాతకి అని రాసుకున్నవి సగం కూడా కాలేదు, నాకోసం రాసినవి తెరవనే లేదు, ముక్కూమొహం తెలియని మాస్టారి కోసం ఉన్న కాస్త బలం కోడ్‌లో కామెంట్‌కి తగలేస్తావా అన్నాను. ఆ కామెంట్ ఎవడు చదువుతాడు అన్నాను.

పలక మీద ఒక్క మాట. నువ్వు చదివావు.

వదిన నన్ను బయటికి లాక్కొచ్చింది. కనుబొమ్మ ఆయనది, నీదీ కాదు నాదీ కాదు అంది. నీకు నీ వాక్యాలు కావాలి, నాకు నా వాక్యాలు కావాలి, ఆయన తనకి కావలసింది ఇన్నాళ్ళకి ఒకటి అడిగారు అంది. ఆమె కూడా ఏడుస్తూనే అంది.

ఫిబ్రవరి 19, బుధవారం

సెలవు. పొద్దుటి నుంచీ పలక ముందే కూర్చున్నాం. ఒక అక్షరం, విశ్రాంతి, ఒక అక్షరం. మధ్యాహ్నానికి ఒక లైను. చెమట తుడుస్తూ వదిన, పక్కన నేను. మాట సగంలో ఉండగానే అర్థమై పూర్తిచేయబోతే కనుబొమ్మ ఎత్తడం ఆపేస్తాడు. తనే పూర్తిచెయ్యాలి. ఎప్పుడూ అంతే, చిన్నప్పుడు లెక్కలు కూడా నన్ను చెప్పనిచ్చేవాడు కాదు.

సాయంత్రానికి రెండు లైన్లు. చాలు అన్నయ్యా, ఇది చాలు, ఇంతకంటే ఏం కావాలి అన్నాను. కనుబొమ్మ లేవలేదు. ఇంకా ఉందన్నమాట.

నాతో మాత్రం ఒక్క మాట లేదు. పోనీలే రోజూ వెలుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

రేపే రిలీజు. ఇంట్లో ఉండిపోదామనుకున్నాను, కుదరలేదు. నాటకాల మాస్టారి మెయిల్ ప్రింట్ తీసుకుని గడియారం గదిలోకి పోయి తలుపు వేశాను. ఆయన గోడవైపు చూడబోతుంటే గోడ గడియారానికి అడ్డంగా నిలబడ్డాను. నాకు అంత తెగువ ఉందని తెలియదు.

చదివాడు. ఫైళ్ళు ఎన్ని పాడయ్యాయి అని అడిగాడు. మాస్టారు రాసినవన్నీ అన్నాను. ఇంకా ఎవరున్నారు అన్నాడు. మా అన్నయ్య అన్నాను. ఆయనకి మా అన్నయ్య తెలుసు, ఒకప్పుడు పక్క పక్క సీట్లే. ఇన్ని రోజులు చెప్పలేదేం అన్నాడు. ఏం చెప్పను, ఇంటి సంగతి చెప్పుకుని రిలీజు ఆపమనడం నామోషీ అనిపించింది. కుర్చీలో వెనక్కి వాలాడు. సోమవారం దాకా టైమిచ్చాడు. కారణం మాత్రం రాసి ఉండాలి అన్నాడు మళ్ళీ. ఉంటుందన్నాను. అదే మాట వేరే ఎవరైనా అని ఉంటే పీక నొక్కేదాన్ని.

పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి అన్నయ్య నిద్రపోతున్నాడు. మధ్యాహ్నమంతా పలక ముందు కూర్చున్నాడని వదిన చెప్పింది. ఎక్కువసేపు కూర్చోబెట్టావా అని గయ్యిమన్నాను. ఆమె లైటు తీసేసి వెళ్ళింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కనుబొమ్మ లేవలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

సెన్సర్ మార్చాను. నుదురు శుభ్రంగా తుడిచి జిగురు మార్చాను. సెన్సిటివిటీ చివరి గీత దాకా పెంచాను. గాలికి కర్టెన్ కదిలితే టాబ్లెట్ ఉలిక్కిపడి నీళ్ళు కావాలి అంటోంది. అన్నయ్య మాత్రం ఏమీ అనడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అటూ ఇటూ తిప్పమంటే తిప్పలేకపోతున్నాడు. అన్నీ వింటున్నాడు.

నావల్ల కాదు. ఇంక నావల్ల కాదు.

ఫిబ్రవరి 22, శనివారం

తర్వాతకి భాగంలో సగం డైమండ్లతోనే మిగిలిపోయింది. వాటిని తీసేయనా, ఊహించి నింపనా అని వదినని అడిగాను. అలాగే ఉండనీ అంది. పక్కన కూర్చుని ఒక్కోటి మేమే ప్లే చేసి వింటున్నాం. గొంతు డైమండ్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. వదిన ఆగిన చోట అన్నయ్య వైపు చూస్తుంది. అన్నయ్య చూపు తెర మీదే ఉంటుంది. ఆ అక్షరం ఏమిటో ఆ ఒక్కడికే తెలుసు.

కోతికి అన్న భాగం తెరవలేదు. తెరిచే మొహం లేదు.

కామెంట్ సంగతి ఎత్తాను. రెండు లైన్లే ఉన్నాయి కదా, మిగతాది నేను పూర్తిచేసి సోమవారం ఎక్కించేస్తానన్నాను. అప్పుడు చెప్పింది వదిన. గురువారం మధ్యాహ్నం కూర్చున్నది దానికేనట. నేను లేనప్పుడే కావాలని పలక పెట్టమన్నాడట. పూర్తి చేశాకే నిద్రపోయాడట. నువ్వు గయ్యిమన్నావు కదా, అందుకే అప్పుడు చెప్పలేదు అంది.

మూడో లైనూ, నాలుగో లైనూ చదివి వినిపించింది. ఇంకోసారి చదవమన్నాను. అవేమిటో ఇక్కడ రాయను. రాయాల్సింది కోడ్‌లో.

ఫిబ్రవరి 24, సోమవారం, పొద్దున 10

ఎక్కించాను. అక్షరం మార్చలేదు.

// ఈ అయిదు గదులు ఖాళీగా కనిపిస్తాయి. కావు.
// ఎక్కడా చోటు దొరకని వాళ్ళని నేనే ఇక్కడ దింపాను.
// ఎందుకో రాయకపోవడం నా తప్పు.
// ఇంకా అనుమానం ఉంటే మా కోతిని అడగండి. దానికి తెలుసు.